లావెక్కిన కుక్కకు ఏది మేలు: ఇంటి తిండా, డైట్ ప్యాకెట్టా, వాకింగా?

"మా ల్యాబ్రడార్ బాగా లావైపోయింది, అన్నం మానేసి ప్యాకెట్ ఫుడ్ మొదలుపెట్టమంటారా?" అని ఒకరు అడుగుతారు. "ప్యాకెట్ ఫుడ్ వల్లే లావైందట, ఇంటి తిండికి మార్చమంటారా?" అని ఇంకొకరు. తిండి జోలికి పోకుండా రెండు పూటలా తిప్పితే చాలదా అనేవాళ్లు మూడో రకం. ఈమధ్య మా ల్యాబ్రడార్ లక్కీ విషయంలో నేనూ ఇది తేల్చుకోవాల్సి వచ్చింది. పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించాక వాడు 34 కిలోలకు చేరాడు. వాడి ఒడ్డూ పొడవుకు 28 ఉంటే సరిపోతుందని డాక్టర్ చెప్పారు. ఆపరేషన్ తర్వాత ఒంటికి కావాల్సిన కేలరీలు తగ్గుతాయి, ఆకలి మాత్రం తగ్గదు. చాలా ఇళ్లలో కథ అక్కడే మొదలవుతుంది.

ముందు వాకింగ్ సంగతి చూద్దాం. 30 కిలోల కుక్క మూడు కిలోమీటర్లు నడిస్తే ఖర్చయ్యేది దాదాపు 90 కేలరీలు. ఒక్క చపాతీ పెడితే అంతా తిరిగొచ్చేస్తుంది. కండ కరగకుండా ఉండటానికి, కీళ్లు పట్టేయకుండా ఉండటానికి నడక కావాలి, మానొద్దు. కానీ తిండి అలాగే ఉంచి నడకతోనే ఆరు కిలోలు దింపాలనుకుంటే అయ్యే పని కాదు. పైగా మన ఎండల్లో తొమ్మిది దాటాక తారు రోడ్డు మీద నడిపిస్తే పాదాలు కాలతాయి, లావు కుక్కకు వడదెబ్బ భయం కూడా ఎక్కువ. తెల్లవారుజామున నెమ్మదిగా తిప్పండి చాలు.

ఇక అసలు పోటీ ఇంటి తిండికీ ప్యాకెట్‌కీ మధ్యే.

ఇంటి తిండికి ఉన్న పెద్ద బలం, గిన్నె నిండుగా కనిపించడం. ఉడికించిన సొరకాయ, బీన్స్, గుమ్మడికాయ కలిపితే కేలరీలు పెద్దగా పెరక్కుండానే కడుపు నిండుతుంది. ఏం పడుతోందో మన కళ్లముందే ఉంటుంది. అయితే మన ఇళ్లలో 'ఇంటి తిండి' అంటే చాలాసార్లు పెరుగన్నమే, లేకపోతే మిగిలిన చికెన్ కూర కడిగి కలిపిన అన్నం. మొదటిదాంట్లో మాంసకృత్తులు చాలవు. రెండోదాంట్లో ఎంత కడిగినా ఉల్లి, వెల్లుల్లి పోవు, ఆ రెండూ కుక్కకు విషమే. విడిగా శ్రద్ధగా వండేవాళ్లకూ ఒక చిక్కుంది. 2013లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం డేవిస్ పరిశోధకులు పుస్తకాల్లో, వెబ్‌సైట్లలో ఉన్న 200 ఇంటి వంటకాలను పరీక్షిస్తే, 95 శాతం వాటిలో కనీసం ఒక పోషకం తక్కువగా ఉంది. బరువు తగ్గించడానికి అదే తిండిలో కోత పెడితే ఆ లోటు ఇంకా పెరుగుతుంది. కాల్షియం, విటమిన్ల పొడి ఏది ఎంత కలపాలో డాక్టర్‌తో రాయించుకోకుండా నెలల తరబడి చికెన్, అన్నం మీదే నడపకూడదు.

ఇంకో మెలిక తూకంలో ఉంది. వండిన అన్నం వంద గ్రాములకు 130 కేలరీలని లెక్క. కుక్క కోసమని నీళ్లు ఎక్కువ పోసి మెత్తగా వండితే అదే వంద గ్రాముల్లో బియ్యం తగ్గిపోతుంది, పొడిపొడిగా వండిన రోజు పెరుగుతుంది. అందుకే తూచాల్సింది అన్నాన్ని కాదు, బియ్యాన్ని. చికెన్ కూడా తోలు తీసి, పచ్చిగా ఉన్నప్పుడే తూచాలి.

ప్యాకెట్‌లో పోషకాల బెంగ ఉండదు, కేలరీలు సంచి వెనకే రాసి ఉంటాయి. కానీ మామూలు డ్రై ఫుడ్ వంద గ్రాములకు 350 నుంచి 400 కేలరీలు. గుప్పెడు గింజలు ఎక్కువ పడినా తేడా వస్తుంది. 28 కిలోల బరువు లక్ష్యమైతే రోజుకు దాదాపు 850 కేలరీలతో మొదలుపెడతారు, అంటే సుమారు 230 గ్రాములు. అది గిన్నెలో వేసి చూస్తే మనకే మనసొప్పదు. బరువు తగ్గడానికని విడిగా చేసే, పశువుల డాక్టర్లు రాసే డైట్ ప్యాకెట్లలో కేలరీలు తక్కువ, పీచు, మాంసకృత్తులు ఎక్కువ. అందుకే గిన్నెలో కాస్త ఎక్కువ కనిపిస్తుంది, పోషకాలూ తగ్గవు. ధర మాత్రం గట్టిగానే ఉంటుంది.

పోషకాలు, ఖర్చు, రుచి ఇవన్నీ ఒక ఎత్తు. నా దృష్టిలో తేల్చేది వేరే ఉంది: మీ ఇంట్లో కుక్కకు తిండి పెట్టే చేతులెన్ని?

మా ఇంట్లో గిన్నెలో పెట్టేది నేను. చాయ్ తాగేటప్పుడు మారీ బిస్కెట్ పెట్టేది అత్తయ్య. చపాతీ ముక్క జారవిడిచేది పిల్లలు. కింద వాచ్‌మన్ దగ్గర బన్ను సంగతి చాలా ఆలస్యంగా తెలిసింది. మారీ బిస్కెట్ ఒక్కోటి పాతిక కేలరీల దాకా ఉంటుంది. చిరుతిళ్లు రోజు మొత్తంలో పదో వంతు దాటకూడదంటారు, అంటే లక్కీకి 85 కేలరీలు. నాలుగు బిస్కెట్లతో ఆ కోటా దాటిపోయింది, చపాతీ, బన్ను ఇంకా లెక్కలోకే రాలేదు.

ఆపమంటే ఆగరు. "నోరులేని జీవం, దాని కడుపు మాడ్చకమ్మా" అంటారు అత్తయ్య. తిండి తగ్గించి పెంచిన ల్యాబ్రడార్లే ఎక్కువ కాలం బతికాయని చెప్పి చూశాను. 48 కుక్కలను జతలుగా పెట్టి జీవితాంతం గమనించి 2002లో వెలువరించిన అధ్యయనంలో, జతలో రెండోదానికంటే పాతిక శాతం తక్కువ తిన్నవి దాదాపు 1.8 ఏళ్లు ఎక్కువ బతికాయి. "అట్లనా" అని, బిస్కెట్ చేతిలోనే పట్టుకుని విన్నారు.

లక్కీ ఆకలి చూపు కూడా మనల్ని అలాగే లొంగదీస్తుంది. కేంబ్రిడ్జ్ పరిశోధకులు 2016లో తేల్చినదాన్నిబట్టి ల్యాబ్రడార్లలో దాదాపు నాలుగో వంతుకు పీఓఎంసీ అనే జన్యువులో చిన్న ముక్క ఉండదు, వాటికి తిండి మీద యావ ఎక్కువ. ఈ జాతి విషయంలో 'ఆకలేస్తే పెడదాం' అనే పద్ధతి పనిచేయదు.

అందుకే నేను తూచిన ప్యాకెట్ వైపు మొగ్గాను, కారణం పోషకాలు కాదు. గింజలను నలుగురి చేతుల్లోకి పంచొచ్చు, పెరుగన్నాన్ని పంచలేం. పొద్దున్నే వంటింటి డిజిటల్ త్రాసు మీద రోజు మొత్తానికి సరిపడా తూచి ఒక డబ్బాలో పోస్తాం. రెండు పూటల గిన్నె, అత్తయ్య చాయ్ వేళ పది గింజలు, పిల్లలు 'సిట్' అన్నప్పుడు ఇచ్చేవి, అన్నీ ఆ డబ్బాలోంచే. డబ్బా ఖాళీ అయితే ఆ రోజుకు అంతే. వాచ్‌మన్‌కూ చిన్న పొట్లం కట్టి ఇస్తున్నాం. కొలిచే కప్పును మాత్రం నమ్మకండి. 2019లో కెనడాలోని గ్వెల్ఫ్ విశ్వవిద్యాలయం 100 మంది యజమానులతో కొలిపిస్తే, ఉండాల్సినదానికి 48 శాతం తక్కువ నుంచి 152 శాతం ఎక్కువ దాకా తేడాలొచ్చాయి.

తిండి పెట్టేది ఒక్కరే, ఓపిగ్గా వండుతారు, డాక్టర్ రాసిచ్చిన పొడి మానకుండా కలుపుతారు అనే ఇంట్లో ఇంటి తిండి ఏమాత్రం తీసిపోదు. సగం అదీ సగం ఇదీ పెట్టేవాళ్లు రెండింటినీ తూచాల్సిందే, ఆ ఓపిక ఉంటే సరే. పచ్చి మాంసం డైట్, కొవ్వు కరిగిస్తామనే చుక్కలు, పొడులు నేను పట్టించుకోలేదు.

ఏది ఎంచుకున్నా ముందు ఒకసారి థైరాయిడ్ చూపించండి. తక్కువ తింటూ కూడా లావవుతుంటే ఇది మరీ ముఖ్యం. దురదకని స్టెరాయిడ్ మందులు వాడుతుంటే ఆ సంగతీ డాక్టర్‌కు చెప్పండి.

బరువు వారానికి ఒకటి నుంచి రెండు శాతం తగ్గితే చాలు. లక్కీ లాంటివాడికి 340 గ్రాములు తగ్గినా మంచి వారమే. ఆ లెక్కన నాలుగైదు నెలలు పడుతుంది. పెద్ద కుక్కను ఎత్తుకుని ఇంట్లో మిషన్ ఎక్కడం కష్టం కాబట్టి రెండు వారాలకోసారి క్లినిక్‌లో తూచండి. మధ్యలో చేత్తో చూసుకోవచ్చు. అరచేయి నేలవైపు తిప్పి, వేళ్లు చాచి, ఆ చేతి వెనక కణుపుల మీద రెండో చేత్తో నిమరండి. పక్కటెముకలు అలా తగిలితే బాగున్నట్టు. అరచేతి కండలా మెత్తగా ఉంటే ఇంకా తగ్గాలి. పిడికిలి కణుపుల్లా పొడుచుకొస్తే ఎక్కువే తగ్గిపోయినట్టు.

లక్ష్యం చేరాక పాత కొలతకు వెళ్లిపోకూడదు. అప్పుడు పెడుతున్నదానికి పది శాతం కలిపి, రెండు వారాలు చూసి, బరువు కదలకపోతే అక్కడే ఆపేయాలి. బిస్కెట్ల డబ్బా వంటింటి పై అరలోనే ఉండనివ్వండి.