ఛాంపియన్స్ లీగ్: గ్రూపులా, ఒకే పట్టికా, నాకౌటా... ఏది మేలు?

యూరప్ ఫుట్‌బాల్ క్లబ్బుల పెద్ద పోటీ ఛాంపియన్స్ లీగ్ పద్ధతి మార్చినప్పటి నుంచి ఫుట్‌బాల్ చూసే మిత్రులంతా నన్ను అడిగేది ఒకటే. పాత గ్రూపులు మేలా, ఇప్పటి 36 జట్ల పట్టిక మేలా? వాట్సాప్‌లో ఒక్కొక్కరికీ ముక్కలు ముక్కలుగా చెప్పేకంటే మొత్తం ఒకచోట రాయడం నయమనిపించింది. నియమాలు మీకు తెలిసినవే కాబట్టి వాటి జోలికి ఎక్కువ పోను.

ఏ పద్ధతినైనా నేను ఒక్క ప్రశ్నతోనే కొలుస్తాను. పెద్ద క్లబ్ ఒక రాత్రి చెడ్డగా ఆడితే ఎంత నష్టపోతుంది? గోల్స్ ఎన్ని పడ్డాయి, ప్రత్యర్థులు కొత్తవాళ్లా పాతవాళ్లా అన్నవి నాకు ఆ తర్వాతే. ఓడితే ఇంటికి పోతామన్న భయం రెండు జట్లకూ ఉండాలి. అది చిన్న జట్టుకే ఉండి, పెద్ద జట్టు "ఇవాళ పోతే వచ్చే వారం చూసుకుందాం" అనుకునేలా ఉంటే ఆ ఆటలో నాకు పస కనిపించదు.

ముందు ఇప్పటి పద్ధతి చూద్దాం. లీగ్ దశలో 36 జట్లకూ ఒకే పట్టిక, ఒక్కో జట్టుకు ఎనిమిది మ్యాచ్‌లు. టాప్ 8 నేరుగా ప్రీక్వార్టర్స్‌కు, 9 నుంచి 24 దాకా ప్లేఆఫ్‌కు, మిగతావాళ్లు ఇంటికి. 2025 జనవరి 29, లీగ్ దశ ఆఖరి రోజు. మనకు అప్పటికి తేదీ మారి, రాత్రి ఒంటిగంటన్నర. 18 మ్యాచ్‌లు ఒకేసారి మొదలయ్యాయి. టీవీలో మాంచెస్టర్ సిటీ, క్లబ్ బ్రూజ్ మ్యాచ్ పెట్టుకుని, ఫోన్‌లో పాయింట్ల పట్టిక తెరిచి కూర్చున్నాను. సిటీ అప్పటికి 25వ స్థానంలో ఉంది. గెలవకపోతే ఇంటిదారే. సగం ఆట ముగిసేసరికి ఒన్యెడికా గోల్‌తో బ్రూజ్ 1-0 ఆధిక్యంలో ఉంది. నా నిద్రమత్తు ఎగిరిపోయింది. 53వ నిమిషంలో సిటీ ఆటగాడు కొవాచిచ్ బంతిని నడుపుకుంటూ వచ్చి స్కోరు సమం చేశాడు. ఆ తర్వాత బ్రూజ్ సెల్ఫ్ గోల్, ఆపైన సావిన్యో గోల్. 3-1తో సిటీ గట్టెక్కింది, 22వ స్థానంలో ఆగింది.

అదే సమయంలో క్రొయేషియాలోని జాగ్రెబ్‌లో డైనమో జట్టు మిలాన్‌ను 2-1తో ఓడించింది. సిటీకి 11 పాయింట్లు, డైనమోకూ 11 పాయింట్లే. గోల్ తేడా (కొట్టిన గోల్స్‌లోంచి ఇచ్చినవి తీసేస్తే మిగిలేది) తక్కువై డైనమో 25వ స్థానంలో మిగిలిపోయి బయటికి వెళ్లింది. సిటీ గెలవకుండా ఉంటే 24వ స్థానం వాళ్లదే. కొవాచిచ్ ఆట నేర్చుకున్నది డైనమో అకాడమీలో. తనను పెంచిన క్లబ్‌ను ఇంటికి పంపిన గెలుపులో తొలి గోల్ అతనిదే. ఫోన్‌లో జట్ల పేర్లు పైకీ కిందికీ మారుతుంటే నాకు సిటీ గెలిచిన సంతోషం కన్నా డైనమో మీద జాలే ఎక్కువైంది.

డైనమో గోల్ తేడా మైనస్ 7. ఆ లోటంతా ఒక్క రాత్రిది. సెప్టెంబరులో మ్యూనిక్ వెళ్లి బయర్న్ చేతిలో 9-2తో ఓడారు. మిగతా ఏడు మ్యాచ్‌లలో 10 గోల్స్ కొట్టారు, 10 ఇచ్చారు. సిటీకి బయర్న్‌తో మ్యాచ్ పడనే లేదు. ఈ రెండు జట్లూ ఆడిన ఎనిమిదేసి మ్యాచ్‌లలో ఇద్దరికీ తగిలిన ప్రత్యర్థి స్లోవాన్ బ్రాటిస్లావా ఒక్కటే. వేర్వేరు ప్రశ్నపత్రాలు రాసిన ఇద్దరికి ఒకే ర్యాంకుల జాబితా వేసినట్టుంది ఇది. ఎంసెట్ వేర్వేరు సెషన్ల మార్కుల గొడవలు చూసిన మన పిల్లలకు ఈ బాధ వెంటనే అర్థమవుతుంది.

నా కొలతకు వస్తే, ఆ సీజన్ లీగ్ దశలో సిటీ మూడు మ్యాచ్‌లు ఓడింది, రెండు డ్రా చేసుకుంది. స్పోర్టింగ్ చేతిలో 4-1, పారిస్ క్లబ్ పీఎస్‌జీ చేతిలో 4-2. ఎనిమిదింటిలో ఐదు రాత్రులు చెడగొట్టుకుని కూడా ముందుకు పోయింది. 18 మ్యాచ్‌లతో అంత హడావిడి జరిగిన ఆ ఆఖరి రాత్రి టాప్ 24లో మారిన పేరు ఒక్కటే. స్టుట్‌గార్ట్ పోయింది, సిటీ వచ్చింది. ఇక పైన, టాప్ 8 ముందే ఖాయమైన లివర్‌పూల్ సలా, వాన్ డైక్ లాంటివాళ్లను తీసుకెళ్లకుండానే ఐండ్‌హోవెన్‌కు వెళ్లి పీఎస్‌వీ చేతిలో 3-2తో ఓడింది. ఓడినా పట్టికలో మొదటి స్థానం వాళ్లదే. ఆ మొదటి స్థానానికి దక్కిందేమిటంటే, తర్వాతి రౌండ్‌లో 15వ స్థానంలో నిలిచిన పీఎస్‌జీతో పోటీ. పెనాల్టీలలో లివర్‌పూల్ పోయింది, చివరికి కప్పు పీఎస్‌జీ ఎత్తుకుంది. 144 మ్యాచ్‌లు ఆడించి తేల్చిన వరుసకు విలువ ఇంతేనా అనిపించింది.

ఈ పద్ధతిలో మంచి లేదని నేను అనను. 2026 జనవరి 28న లిస్బన్‌లో జరిగింది చూసినవాళ్లెవరూ అలా అనలేరు. బెన్ఫికా 3-2తో రియల్ మాడ్రిడ్ మీద గెలుస్తోంది, కానీ ఆ గెలుపు చాలదు, ఇంకో గోల్ కావాలి. 98వ నిమిషంలో ఫ్రీకిక్. గోల్‌కీపర్ ట్రూబిన్ తన గోల్ వదిలేసి అవతలి పెనాల్టీ బాక్స్‌లోకి వెళ్లాడు. తలతో కొట్టాడు, బంతి వలలో పడింది. 4-2. బెన్ఫికా 24వ స్థానానికి ఎక్కింది, గోల్ తేడాతో ఫ్రాన్స్ క్లబ్ మార్సే పోయింది. ఆ పది సెకన్లు నేను ఎన్నిసార్లు వెనక్కి తిప్పి చూశానో లెక్క లేదు. కాకపోతే అక్కడ కూడా ప్రాణం మీదికి వచ్చింది బెన్ఫికాకూ మార్సేకూ. నాలుగు గోల్స్ ఇచ్చి ఓడిన రియల్‌కు జరిగిన నష్టమల్లా టాప్ 8 నుంచి 9వ స్థానానికి జారి ప్లేఆఫ్ ఆడాల్సి రావడం.

ఇక పాత గ్రూపులు. 2003-04 నుంచి 2023-24 వరకు మనం చూసిన 32 జట్ల పద్ధతి ఇది. నాలుగేసి జట్లతో ఎనిమిది గ్రూపులు, ఒక్కో గ్రూపు నుంచి మొదటి ఇద్దరు ముందుకు. ఇందులో న్యాయం ఎక్కువ. నలుగురూ ఒకరితో ఒకరు రెండేసి సార్లు ఆడతారు, ఒకసారి మన ఊళ్లో, ఒకసారి వాళ్ల ఊళ్లో. 2011లో బాసెల్ 2-1తో గెలిచి మాంచెస్టర్ యునైటెడ్‌ను గ్రూపు దశలోనే ఛాంపియన్స్ లీగ్ నుంచి బయటికి పంపింది. ఆరు మ్యాచ్‌లలో రెండు మూడు తప్పటడుగులు పడితే పెద్ద జట్టుకైనా టెన్షన్ పుట్టేది. కానీ ఎనిమిది గ్రూపుల్లో ఎన్నింటిలో అలా జరిగేది? ఏటా ఒకటో రెండో. 2023-24లో పీఎస్‌జీ, డోర్ట్‌ముండ్, మిలాన్, న్యూకాసిల్ పడ్డ గ్రూపు లాంటిది అరుదు. మిగతా చోట్ల నవంబరు నాటికే ఎవరు వెళ్తారో తెలిసిపోయేది, డిసెంబరులో మ్యాచ్‌లు మొక్కుబడిగా సాగేవి. ఇప్పటి పట్టిక, పాత గ్రూపులు, ఈ రెండిట్లో ఒకటే ఎంచుకోమంటే గ్రూపులకే నా ఓటు, కానీ బొటాబొటీగా. 1999 నుంచి 2003 వరకు నడిచిన రెండు గ్రూపు దశల పద్ధతి గురించి మాత్రం చెప్పుకోవడానికేమీ లేదు. మ్యాచ్‌లు పెరిగాయి, ఆసక్తి తగ్గింది, తీసేశారు.

పెద్ద క్లబ్బులు తమకోసం విడిగా పెట్టుకోవాలనుకున్న సూపర్ లీగ్ గురించి కూడా అడుగుతున్నారు కాబట్టి రెండు మాటలు. 2021 ఏప్రిల్ 18న 12 క్లబ్బులు ప్రకటించాయి, 20వ తేదీ రాత్రికల్లా ఆరు ఇంగ్లిష్ క్లబ్బులూ తప్పుకున్నాయి. 20 జట్లలో 15 శాశ్వత సభ్యులు, ఎంత ఓడినా స్థానం పోదు. ఐపీఎల్ చూసే మనకు ఇది వింతగా తోచకపోవచ్చు. 2023లో సన్‌రైజర్స్ అట్టడుగున పదో స్థానంలో ఉంది, 2024లో ఫైనల్ ఆడింది, మనమంతా సంతోషించాం. అయితే ఐపీఎల్ జట్లు పుట్టిందే ఫ్రాంచైజీలుగా. యూరప్ క్లబ్బులు వందేళ్లుగా కింది డివిజన్లకు పడుతూ లేస్తూ వచ్చినవి. అక్కడ నిచ్చెన తీసేస్తే కింద ఉన్న వేల క్లబ్బులకు పైకి చూడటానికేమీ మిగలదు. చెల్సీ స్టేడియం స్టాంఫర్డ్ బ్రిడ్జ్ బయట రోడ్డుకు అడ్డంగా నిలబడ్డ అభిమానులు తమ సొంత క్లబ్ లాభానికి ఎదురు నిలిచారు. వాళ్లంటే నాకు ఈ రోజుకీ గౌరవం.

నా మనసు మాత్రం ఛాంపియన్స్ లీగ్‌కు పాత రూపమైన యూరోపియన్ కప్ వైపే పోతుంది. 1955లో మొదలై 1991 వరకు సాగిన నేరు నాకౌట్. రెండు లెగ్‌లు (సొంత ఊళ్లో ఒకటి, వాళ్ల ఊళ్లో ఒకటి), గెలిస్తే ముందుకు, ఓడితే ఇంటికి. 1978 సెప్టెంబరులో మొదటి రౌండ్‌లోనే నాటింగ్‌హామ్ ఫారెస్ట్‌కు లివర్‌పూల్ ఎదురైంది. లివర్‌పూల్ అంతకు ముందు రెండేళ్లూ వరుసగా కప్పు గెలిచిన జట్టు. ఫారెస్ట్ సొంత మైదానంలో 2-0తో గెలిచింది, లివర్‌పూల్ మైదానం ఆన్‌ఫీల్డ్‌కు వెళ్లి 0-0తో కాపాడుకుంది. సెప్టెంబరు గడవకముందే ఛాంపియన్ కథ ముగిసింది. ఫారెస్ట్ కప్పు దాకా వెళ్లింది, ఫైనల్లో వాళ్లకు ఎదురుపడ్డది స్వీడన్ క్లబ్ మాల్మో. తర్వాత 1986లో బుకారెస్ట్ నుంచి స్టావా, 1991లో బెల్‌గ్రేడ్ నుంచి రెడ్ స్టార్ కప్పు గెలిచాయి. ఇప్పుడు ఆ ఊళ్ల నుంచి క్వార్టర్ ఫైనల్ చేరడమే గగనం.

డబ్బున్నవాళ్లకు నచ్చనిది సరిగ్గా ఇదే. 1987లో మారడోనా ఉన్న నాపోలీ మొదటి రౌండ్‌లోనే రియల్ మాడ్రిడ్ చేతిలో పోయింది. అంత పెద్ద తార సెప్టెంబరులోనే పోటీలో లేకుండా పోతే టీవీకి ఎంత నష్టమో అని వాదించి, అందరికీ ఎక్కువ మ్యాచ్‌లు దక్కే యూరోపియన్ లీగ్ కావాలన్నాడు మిలాన్ యజమాని బెర్లుస్కోనీ. 1991-92లో గ్రూపులు వచ్చాయి. ఆ తర్వాత వచ్చిన మార్పుల్లో చాలావరకు పెద్ద క్లబ్బు చెడ్డ రాత్రికి బీమా పెంచుకుంటూ పోయినవే.

నాకౌట్ అంటే మళ్లీ ఒక్కో దేశానికి ఒక్క ఛాంపియన్ మాత్రమే ఆడాలని కాదు. 64 క్లబ్బులతో, సీడింగ్ (పెద్ద జట్లు ముందే తలపడకుండా విడదీయడం) లేకుండా డ్రా తీయండి. ఐదు రౌండ్లు రెండేసి లెగ్‌లు, ఆపైన ఫైనల్. లెక్క వేసి చూశాను, మొత్తం 125 మ్యాచ్‌లు. పాత 32 జట్ల పద్ధతిలోనూ సరిగ్గా 125 మ్యాచ్‌లే! ఇప్పుడు 189 ఆడిస్తున్నారు. 2025లో కప్పు గెలవడానికి పీఎస్‌జీ 17 మ్యాచ్‌లు ఆడింది, నేను చెప్పే దానిలో విజేతకు 11 చాలు. ఆటగాళ్ల కాళ్లు అరిగిపోతున్నాయని అందరూ అంటున్న కాలంలో ఇది చిన్న విషయం కాదు. పైగా దాదాపు రెట్టింపు క్లబ్బులకు తలుపు తెరిచినట్టవుతుంది.

దీనికి గట్టి అభ్యంతరం ఒకటుంది, దాటవేయలేను. 2024-25లో ఫ్రాన్స్ క్లబ్ బ్రెస్ట్ తన చరిత్రలో మొదటిసారి యూరప్ పోటీల్లో ఆడింది. సొంత స్టేడియం యూరప్ ఫుట్‌బాల్ సంస్థ యూఏఫా ప్రమాణాలకు సరిపోక పొరుగున గాంగాంలో ఆడాల్సి వచ్చినా, ఎనిమిది మ్యాచ్‌లు, నాలుగు హోమ్ రాత్రులు ఖాయంగా దక్కాయి. 18వ స్థానం దాకా వెళ్లారు. నా పద్ధతిలో మొదటి రౌండ్‌లోనే ఏ బయర్నో తగిలితే వాళ్లకు మిగిలేది ఒకే ఒక్క హోమ్ మ్యాచ్. పాల్గొన్నందుకే ప్రతి క్లబ్‌కూ వస్తున్న 1.86 కోట్ల యూరోలు కూడా 64 మందికి పంచితే పలచబడతాయి. మొదటి రౌండ్‌లో ఓడిన 32 జట్లనూ దీని కింది స్థాయి పోటీ యూరోపా లీగ్‌లోకి పంపితే ఈ లోటు కొంత తీరుతుంది. అసలు డబ్బు మీద అంత పట్టింపే ఉంటే ముందు సరిచేయాల్సింది మరొకటి. మొత్తం బహుమతి సొమ్ములో 35 శాతం టీవీ మార్కెట్‌ను, గత రికార్డును బట్టి పంచుతున్నారు. అది తగ్గించి సమాన వాటా పెంచితే బ్రెస్ట్‌కు ఏ పద్ధతిలోనైనా మేలే.

64 జట్ల నాకౌట్‌కు యూఏఫా ఒప్పుకోదు, టీవీ కంపెనీలు అసలే ఒప్పుకోవు. కాబట్టి ఈ పట్టికనే ఉంచి ఒక్క మార్పు చేయమంటే ఇది చేస్తాను. ప్లేఆఫ్ తీసేసి, టాప్ 16 నేరుగా ముందుకు, 17 నుంచి 36 దాకా బయటికి. 2024-25 పట్టికకు ఈ గీత గీసి చూడండి. 20వ స్థానంలోని యువెంటస్, 22వ స్థానంలోని సిటీ జనవరిలోనే ఇంటికి వెళ్లేవి. 15వ స్థానంలోని పీఎస్‌జీ, 16వ స్థానంలోని బెన్ఫికా, 17వ స్థానంలోని మొనాకో ముగ్గురికీ 13 పాయింట్లే, అంటే గోల్ తేడాతో మొనాకో పోయేది, పీఎస్‌జీ అంచున నిలబడి బతికేది. ఆ రాత్రి స్టుట్‌గార్ట్‌లో పీఎస్‌జీ కొట్టిన నాలుగు గోల్స్‌లో ఒక్కోదానికీ అప్పుడు మనం లేచి నిలబడేవాళ్లం.