ఓమాప్, అట్లాస్: ఎనిమిది నెలలు వాడాక రాస్తున్న రివ్యూ

ఒక ఆసుపత్రి రీసెర్చ్ టీమ్‌లో డేటా పని చేస్తున్నాను. టైప్ 2 షుగర్ ఉన్నవాళ్లలో కిడ్నీలు ఎప్పుడు దెబ్బతినడం మొదలవుతోందో పాత రికార్డుల్లోంచి తీయమని డాక్టర్లు అడిగారు. అలా ఓమాప్ డేటా మోడల్‌నీ (ఏ ఆసుపత్రి రికార్డులనైనా ఒకే రకం పట్టికల్లో పెట్టే పద్ధతి), దాని మీద నడిచే అట్లాస్ అనే వెబ్ టూల్‌నీ పట్టుకున్నాం. రెండూ ఉచితమే. ఒడిస్సీ అని పిలుచుకునే అంతర్జాతీయ బృందం 2014 నుంచి వీటిని చూసుకుంటోంది.

ఇది ఎందుకు కావాలో ముందు చెప్తాను. మా రికార్డుల్లో ఒకే జబ్బు ఒకచోట ఐసీడీ కోడ్‌గా (జబ్బులకి వాడే అంతర్జాతీయ కోడ్), ఇంకోచోట "టీ2డీఎం" (టైప్ 2 డయాబెటిస్) అని, మరోచోట "కే/సీ/ఓ డీఎం" (షుగర్ ఉన్నట్టు ముందే తెలిసిన మనిషి) అని ఉంటుంది. డేటాబేస్‌లో వెతికే మామూలు ఎస్‌క్యూఎల్‌ భాషతో "డీఎం" అని వెతికితే "నో హెచ్/ఓ డీఎం" అని రాసినవాళ్లు, అంటే అసలు షుగరే లేనివాళ్లు కూడా లిస్టులోకి వచ్చేస్తారు. ఓమాప్‌లో జబ్బుల్ని స్నోమెడ్‌కి, ల్యాబ్ టెస్టుల్ని లాయింక్‌కి, మందుల్ని ఆర్‌ఎక్స్‌నార్మ్‌కి (ఈ మూడూ స్టాండర్డ్ పేర్ల జాబితాలు) కలిపి ఒక్కోదానికి ఒక నంబర్ పెడతారు. టైప్ 2 షుగర్ అంటే 201826, ఏ దేశంలోనైనా అదే. అందుకే ఇక్కడ రాసిన క్వెరీ ఇంకో దేశంలో ఆసుపత్రిలోనూ నడుస్తుంది, పేషెంట్ల రికార్డులు ఎక్కడివి అక్కడే ఉంటాయి, లెక్కలు మాత్రమే బయటికొస్తాయి. నాకు ఇందులో అన్నిటికన్నా నచ్చింది ఇదే.

అట్లాస్‌లో కోడ్ రాయకుండానే పేషెంట్ల గుంపును ఎంచుకోవచ్చు. మొదటిసారి షుగర్ అని రాసిన తేదీ, వయసు 18 దాటాలి, తర్వాత హెచ్‌బీఏ1సీ (మూడు నెలల సగటు షుగర్ టెస్ట్) చేయించుకుని ఉండాలి, ఇలా ఒక్కో షరతు పెట్టుకుంటూ పోతే ఏ షరతు దగ్గర ఎంతమంది రాలిపోయారో చూపిస్తుంది. ఒక్క జాగ్రత్త. కాన్సెప్ట్ సెట్‌లో (మనం వెతికే కోడ్‌ల లిస్టు) "డిసెండెంట్స్" టిక్ పెట్టడం మర్చిపోతే, ఆ జబ్బు కిందకి వచ్చే ఇంకా వివరమైన కోడ్‌లతో ఉన్నవాళ్లు రారు, మనకి కావాల్సినవాళ్లే జారిపోతారు.

అసలు కష్టం మందుల దగ్గర. ఆర్‌ఎక్స్‌నార్మ్ అమెరికాది, మన బ్రాండ్లు చాలావరకు అందులో ఉండవు, పారాసిటమాల్ కూడా అసిటమినోఫెన్ అనే పేరుతో ఉంటుంది. ఉసాగి అనే టూల్ పదాల పోలికని బట్టి మన పేరుకీ స్టాండర్డ్ కోడ్‌కీ జోడీలు చూపిస్తుంది కానీ అవి సూచనలే, ఎవరో ఒకరు కూర్చుని ఒక్కోటీ చూడాల్సిందే. మా ఫార్మసిస్ట్ మేడం డ్యూటీ అయ్యాక రోజూ ఒక గంట కూర్చుని బ్రాండ్ పక్కన అసలు మందు పేరు రాసిచ్చారు, ఆవిడ లేకపోతే ఈ పని అయ్యేదే కాదు. జోడీ దొరకని వాటికి సున్నా పెట్టాలి, ఆ వరుస తీసేయకూడదు.

ల్యాబ్ విలువల్లో ఒకరోజు క్రియాటినిన్ (కిడ్నీల పనితీరు చెప్పే టెస్ట్) 97 కనిపించింది. మనిషికి అంత ఉండదు కదా, చెత్త విలువ అని తీసేయబోయాం. ల్యాబ్‌కి ఫోన్ చేస్తే, బయటి నుంచి వచ్చిన ఆ ఫైల్ మైక్రోమోల్ లెక్కలో ఉందన్నారు. మనం వాడే మిల్లీగ్రాముల లెక్కలోకి మార్చడానికి 88.4తో భాగిస్తే 1.1, మామూలు విలువే. యూనిట్ రాసుకోవడానికి ఓమాప్‌లో కాలమ్ ఉంది, నింపాల్సింది మాత్రం మనమే. తీసేసి ఉంటే ఆ ఫైల్‌లో కిడ్నీలు బాగున్నవాళ్లంతా లెక్కలోంచి పోయేవాళ్లు, ఆ టెన్షన్ నాకింకా తగ్గలేదు.

ఇంకోటి, "ముందు 365 రోజులు రికార్డు ఉండాలి" (అంటే జబ్బు మొదట రాసిన తేదీకి ముందు) అనే షరతు ఇన్సూరెన్స్ డేటాకి బాగా పనికొస్తుంది. మన దగ్గర ఒకే మనిషి ఈ ఏడాది ఇక్కడ, వచ్చే ఏడాది ఇంటి పక్క క్లినిక్‌లో చూపించుకుంటాడు, రాకపోతే జబ్బు లేదని కాదు. ఆ షరతు పెట్టే ముందు డాక్టర్లతో కూర్చుని మాట్లాడుకోండి.

ఇన్‌స్టాల్ చేయడం తేలిక కాదు, అట్లాస్‌ని డేటాబేస్‌కి కలిపే వెబ్‌ఏపీఐ అనే ప్రోగ్రామ్ వేరేగా పెట్టుకోవాలి, డేటాబేస్ తెలిసినవాళ్లు ఒకరు ఉండాలి. నేర్చుకోవడానికైతే బోస్టన్ ఆసుపత్రి డేటాతో చేసిన మిమిక్ 4 డెమో ఉంది, పేర్లు తీసేసిన 100 మంది రికార్డులు, ఓమాప్ రూపంలోనే ఉచితంగా దొరుకుతాయి.

ఐదుకి నాలుగు ఇస్తాను. మొదలుపెట్టేవాళ్లు సర్వర్ కొనకముందే మీ ఫార్మసిస్ట్‌ని, ల్యాబ్‌లో ఒకరిని మాట్లాడి పెట్టుకోండి.