ఇంటిపేరా, పొడి అక్షరాలా, పిలుపు పేరా? పాటల అర సర్దడానికి ఏది మేలు?

నాన్నగారి క్యాసెట్లు, ఎల్పీ రికార్డులు, సీడీలు అన్నీ కలిపి పదకొండు అట్టపెట్టెలు. హైదరాబాద్ నల్లకుంటలో అద్దె ఇల్లు ఖాళీ చేసి విద్యానగర్ ఫ్లాట్‌కి వచ్చినప్పుడు సామాను సర్దినవాళ్లు ఏ పెట్టెలో ఖాళీ ఉంటే అందులో పడేశారు. కొత్త ఇంటి హాల్లో గోడ పొడవునా అరలు కొట్టించాం. ఇక పేర్ల వరుసలో పెట్టుకోవడమే మిగిలింది. ఏ పేరు, ఏ వరుస అన్న దగ్గర ఇంట్లో మూడు మాటలు వచ్చాయి.

నాన్నగారిది మొదటి నుంచీ ఒకటే పద్ధతి. అట్ట మీద పేరు ఎలా అచ్చు వేస్తే అలాగే, పొడి అక్షరాలతో సహా, ఇంగ్లిష్ వరుసలో. అక్క లైబ్రరీలో పనిచేస్తుంది కాబట్టి ఇంటిపేరుతో, తెలుగు అక్షరక్రమంలో పెట్టాలంటుంది. నేను పిలుపు పేరు వైపు. జనం నోట్లో ఏ పేరు ఆడుతుందో దాని మొదటి అక్షరమే తీసుకోవాలని నా పట్టుదల. మాటలతో తేలేది కాదని ఒక్కో పద్ధతిని కొన్ని రోజుల పాటు అరల మీద అమలు చేసి చూశాం. చాలామంది ఇళ్లలో ఇలాంటి పెట్టెలు అటక మీద ఉన్నాయి కాబట్టి మాకు తెలిసింది రాస్తున్నాను.

ముందు పొడి అక్షరాలు. చూడటానికి ఇదే తేలిక. ఆలోచించే పని లేదు, అట్ట మీద ఏముందో అదే. నాన్నగారు ఒక్కరే పెట్టి ఒక్కరే తీసుకున్నన్నాళ్లూ బాగానే నడిచింది. కానీ ఆ వరుసనే తెలుగులోకి మార్చగానే అరలు అడ్డం తిరిగాయి. ఎఫ్, ఎల్, ఎం, ఎన్, ఎస్ అన్నీ తెలుగులో రాస్తే 'ఎ'తోనే మొదలవుతాయి. ఎస్.పి. బాలసుబ్రహ్మణ్యం, ఎస్. జానకి, ఎస్. రాజేశ్వరరావు, ఎస్. వరలక్ష్మి, ఎం.ఎస్. సుబ్బులక్ష్మి, ఎం.ఎస్. విశ్వనాథన్, ఎం.ఎం. కీరవాణి, ఎల్.ఆర్. ఈశ్వరి అందరూ ఒకే అరలోకి వచ్చిపడ్డారు. ఆ ఒక్క అర రెండై, రెండు మూడయ్యాయి. రెహమాన్ పేరును కొందరు 'ఎ.ఆర్.' అని, కొందరు 'ఏ.ఆర్.' అని రాస్తారు కాబట్టి ఆయన సీడీలు ఎకారంలో సగం, ఏకారంలో సగం చేరాయి. ఈ లోపల 'స' అర బోసిపోయింది.

'ప' సంగతీ అంతే. పి. సుశీల, పి. లీల, పి. భానుమతి, పి.బి. శ్రీనివాస్ పక్కపక్కన వచ్చారు. చూపుకి బాగుంది. కానీ ఆ నలుగురినీ ఒకచోట చేర్చింది ఏమిటి? సుశీల గారి 'పి' పులపాక. శ్రీనివాస్ గారి 'పి.బి.' ప్రతివాది భయంకర. ఎంత దర్జా అయిన ఇంటిపేరు, రెండు చుక్కల వెనక దాక్కుంది! పొడి అక్షరం మనిషి గురించి ఏమీ చెప్పదు. అందుకే దాని మీద వరుస కట్టకూడదనిపించింది.

దీనికి ఇంకో పెద్ద దెబ్బ కంప్యూటర్లో తగిలింది. రెండేళ్ల క్రితం కొన్ని క్యాసెట్లు పాడవుతున్నాయని ఒక షాపులో ఇచ్చి పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించుకున్నాం. వాళ్లు పేర్లు ఎలా తోస్తే అలా కొట్టారు. బాలు గారి పాటలు ఒక చోట ఎస్ తర్వాత చుక్క పెట్టి, ఒక చోట చుక్క లేకుండా, ఒక చోట మధ్యలో ఖాళీ వదిలి, ఇంకోచోట ఎస్పీబీ అని. చుక్కకీ ఖాళీకీ కంప్యూటర్ దగ్గర వేరువేరు స్థానాలు. ఒకే మనిషి నాలుగు ఫోల్డర్లలో తేలాడు. నాన్నగారు మూడు రోజులు కూర్చుని వాటిని ఒక్కొక్కటిగా విని సరిచేశారు. ఆయన పట్టు సడలింది అప్పుడే.

ఇంటిపేరు పద్ధతి అందంగా ఉంటుంది. ఇది మనస్ఫూర్తిగా చెబుతున్నాను. అక్క సర్దిన రోజు ఆ అరల ముందు చాలాసేపు నిలబడ్డాను. సాలూరి రాజేశ్వరరావు గారి పక్కనే ఆయన కొడుకు కోటి. తోటకూర వెంకటరాజు, అంటే మన టి.వి. రాజు గారు, ఆయన పక్కన కొడుకు తోటకూర సోమరాజు, అంటే రాజ్. మాధవపెద్ది సత్యం, మాధవపెద్ది రమేష్, మాధవపెద్ది సురేష్ ఒక్క వరుసలో. శ్రీపతి పండితారాధ్యుల వారింటి బాలు, శైలజ, చరణ్ ఒకచోట ఉంటే, వాళ్ల దగ్గర్లోనే శిష్ట్లా జానకి. మన సినిమా పాట ఏ ఇళ్లలోంచి వచ్చిందో కళ్లకు కట్టినట్టు కనిపిస్తుంది.

కానీ ఆ వెంటనే చిక్కులు మొదలయ్యాయి. రాజ్–కోటి ఇద్దరూ కలిసి చేసిన క్యాసెట్లు తోటకూర కిందా, సాలూరి కిందా? చక్రవర్తి గారు కొమ్మినేని అప్పారావు కాబట్టి 'క'లోకి వెళ్లారు, వెతికినవాళ్లకు దొరకలేదు. తమన్ ఇంటిపేరు ఘంటసాల. ఆయన పాత తరం దర్శకుడు ఘంటసాల బలరామయ్య గారి మనవడు. నియమం ప్రకారం ఆయన సీడీలు ఘంటసాల వెంకటేశ్వరరావు గారి రికార్డుల పక్కన చేరాయి. మా అమ్మాయి తన తమన్ సీడీ కోసం మూడు అరలు వెతికి, చివరికి పోయిందనుకుంది.

పక్క రాష్ట్రాల వాళ్ల దగ్గర ఈ పద్ధతికి అసలు కాళ్లే ఆడవు. సుబ్బులక్ష్మి గారి 'ఎం.ఎస్.' అంటే మదురై షణ్ముఖవడివు, ఒకటి ఊరు, రెండోది తల్లి పేరు. కె.జె. యేసుదాస్‌లో 'జె' అంటే జోసెఫ్, తండ్రి పేరు. చిత్ర గారి పొడి అక్షరాల్లోనూ మనం అనుకునే ఇంటిపేరు లేదు. మన లెక్కలో ఇంటిపేరు ముందు, మనిషి పేరు తర్వాత. ఆ లెక్కను అందరి మీదా రుద్దితే తప్పు అరలు తయారవుతాయి. అక్క కూడా ఇది ఒప్పుకుంది. కార్డులు, కేటలాగు, అడిగితే తీసిచ్చే మనిషి ఉన్న లైబ్రరీకి ఇంటిపేరే సరి, హాల్లో అరకి కాదు అంది.

నన్ను పూర్తిగా ఒప్పించింది మాత్రం అమ్మే. ఆవిడకు రాత్రి పడుకోబోయే ముందు సుశీల పాటలు ఒక పక్కైనా వినాలి. ఇంటిపేర్ల వారంలో ఒక రాత్రి హాల్లోంచి పిలిచింది.

"ఏరా, సుశీల ఎక్కడ?"

"పులపాక కింద ఉందమ్మా. ప-అరలో చూడు."

"పులపాక ఎవర్రా?"

అరవై ఏళ్లుగా ఆ గొంతు వింటున్న మనిషికి ఆ ఇంటిపేరుతో ఎప్పుడూ అవసరం పడలేదు. వెళ్లి తీసిచ్చాను. టేపు కాస్త వదులై బయటికి వచ్చింది. అమ్మ పెన్సిల్ తెచ్చి చక్రంలో దూర్చి నెమ్మదిగా తిప్పింది. టేపు బిగిశాక క్యాసెట్‌ని చెవి దగ్గర పెట్టుకుని ఒకసారి ఊపి చూసుకుని, అప్పుడు ప్లేయర్లో పెట్టింది. పాటను అంత దగ్గరగా ఎరిగినవాళ్లు వెతుక్కునే పేరు వాళ్ల నోటికి వచ్చే పేరే అయి ఉండాలి.

పిలుపు పేరులో ఇంకో మంచి ఉంది. అది ఇంటిపేరును కాదనదు. జనం ఇంటిపేరుతోనే పిలుచుకున్నవాళ్లు ఆ పేరుతోనే ఉంటారు. 1974లో పోయినా ఇప్పటికీ ఆయన ఘంటసాలే, వెంకటేశ్వరరావు అని ఎవరూ వెతకరు. పెండ్యాల, మాధవపెద్ది అంతే. పిఠాపురం నాగేశ్వరరావు గారికి ఊరి పేరే పిలుపు. శాస్త్రీయ సంగీతంలో వయొలిన్ అంటే ద్వారం వారు, వీణ అంటే ఈమని వారు. ఆ ఈమని శంకరశాస్త్రి గారి శిష్యుడు మాత్రం చిట్టిబాబు, ఇంటిపేరుతో పనే లేదు. మంగళంపల్లి వారు బాలమురళి. జిక్కి జిక్కీయే, అసలు పేరు కృష్ణవేణి అని చీటీ మీద రాసినా ఎవరూ అక్కడ చూడరు. మాస్టర్ వేణు గారిని 'మాస్టర్' తీసేసి ఎవరూ తలుచుకోరు కాబట్టి ఆయన 'మ'లోనే ఉన్నారు. చెళ్లపిళ్ల సత్యం, మాధవపెద్ది సత్యం కలిసిపోతారేమోనని టెన్షన్ పడ్డాను. కలవలేదు. సంగీత దర్శకుణ్ణి సత్యం అంటాం, గాయకుణ్ణి మాధవపెద్ది అంటాం. జనమే ఎప్పుడో విడదీసి పెట్టారు.

లోపాలు లేవని కాదు. పిలుపు తరాన్ని బట్టి, ఊరిని బట్టి మారుతుంది. 2023లో ఆస్కార్ అందుకున్న కీరవాణి గారు తమిళంలో మరకతమణి, హిందీలో ఎం.ఎం. క్రీమ్. ఆయన హిందీ సీడీ మా దగ్గర 'క' అరలోనే ఉంది, మరకతమణి అని ఉన్న తమిళ క్యాసెట్ 'మ'లోకి పోబోయింది. దానికి అక్క చెప్పిన ఉపాయమే వాడాం. పాత శుభలేఖలను క్యాసెట్ వెడల్పున కత్తిరించి, 'మరకతమణి: కీరవాణి చూడు' అని రాసి 'మ' అరలో నిలబెట్టాం. కొమ్మినేనికి ఒకటి, పులపాకకి ఒకటి, ఎస్పీబీకి ఒకటి. ఇప్పటికి ఇరవై దాకా చీటీలయ్యాయి. శుభలేఖ అట్ట గట్టిగా ఉంటుంది, వంగదు.

ఇక తెలుగు వరుసా, ఇంగ్లిష్ వరుసా అన్నది. మా అమ్మాయి ఇంగ్లిష్ మీడియం. ట, ఠ, డ, ఢ వరుస దానికి తడుముకోకుండా రాదు. ఆ ఒక్క కారణానికే నాన్నగారు ఇంగ్లిష్ వైపు మొగ్గారు. అది చిన్న కారణం కాదని నాకూ తెలుసు. కానీ ఇంగ్లిష్‌లో 'ఎస్' ఒక్కటే సుశీల, శైలజ, షేక్ చినమౌలానా ముగ్గురినీ మోయాలి. తెలుగులో స, శ, ష అని మూడు గదులు ఉన్నాయి. ఉన్న గదులు ఎందుకు మూసుకోవాలి? అర అంచు పొడవునా అక్షరాలు రాసి అతికించాం. అమ్మాయికి నెల తిరక్కుండానే వరుస వచ్చేసింది.

గ, ఘల దగ్గర ఈ ఊరి తేడా బాగా తెలిసింది. ఇంగ్లిష్‌లో గులాం అలీ, ఘంటసాల ఇద్దరి పేర్లూ జి, హెచ్‌లతోనే మొదలవుతాయి కాబట్టి పక్కపక్కన వచ్చారు. తెలుగులో ఒకరు గ, ఇంకొకరు ఘ. పాతబస్తీలో ఉండే మా స్నేహితుడి ఇంట్లో గజళ్లన్నీ ఉర్దూ వరుసలో ఉంటాయి. అక్కడ గులాం అలీ 'గైన్' దగ్గర ఉంటారు. ఘంటసాలను ఉర్దూలో రాస్తే 'గాఫ్' దగ్గరికి పోవాలి. రెంటి మధ్య ఫే, కాఫ్‌లు దాటి వెళ్లాలి. మూడు లిపుల ఊళ్లో ఒకే ఇద్దరు గాయకులకు మూడు రకాల దూరాలు. ఆ గజల్ గులాం అలీ వేరు, బడే గులాం అలీ ఖాన్ వేరు. పెద్దాయన 1968లో కన్ను మూసింది మన హైదరాబాద్‌లోనే. ఆయన్ని అందరూ 'బడే'తో కలిపే పిలుస్తారు కాబట్టి 'బ'లో పెట్టాను, తికమక కూడా తప్పింది.

తెలుగు వరుసకి రాత తేడాలు ఇబ్బందే. ఓలేటి వెంకటేశ్వర్లు గారిని వోలేటి అనీ రాస్తారు. యేసుదాస్, ఏసుదాసు కూడా అంతే. మేం అచ్చుతో మొదలయ్యే రూపం తీసుకుని, రెండోదానికి చీటీ పెట్టాం. కంప్యూటర్లో ఇంకో చిన్న సంగతి గమనించాలి. బాలశిక్షలో క్ష చివర వస్తుంది, కంప్యూటర్ దాన్ని క, ష కలిసిన ఒత్తుగానే చూసి 'క'లో పెడుతుంది. మా దగ్గర ఆ అక్షరంతో ఉన్నది క్షేత్రయ్య పదాల క్యాసెట్లే. ఫోన్‌లోనూ అరలోనూ ఒకేలా ఉండాలని 'క'లోనే ఉంచాం.

విదేశీ బ్యాండ్లను మాత్రం తెలుగు వరుసలో కలపకండి. 'ది బీటిల్స్'ని 'ద'లో పెట్టినా, 'బ'లో పెట్టినా అతికినట్టు ఉండదు. ఆబ్బా అనే పేరే నలుగురి పేర్ల మొదటి అక్షరాలు కలిపి కట్టింది, దాన్ని దాని లిపిలోనే ఉంచడం మర్యాద. వాటికి కింద ఒక చిన్న అర, ఇంగ్లిష్ వరుస, ముందున్న 'ది'ని లెక్కలోకి తీసుకోకుండా. చౌరస్తా మన హైదరాబాద్ తెలుగు బ్యాండ్ కాబట్టి పైన 'చ'లో, చక్రవర్తి, చిట్టిబాబుల సరసన. ఆ బ్యాండ్‌లో పాడిన రామ్ మిరియాల తర్వాత సొంతంగా చేసినవి 'ర'లో.

ఇంకా చోటు కుదరనిది రామదాసు కీర్తనల ఎల్పీ. గోల్కొండ కోటలో ఆయన్ని ఉంచిన బందీఖానా చూసిన ప్రతిసారీ ఇంటికి వచ్చి ఆ కీర్తనలు వినడం నాన్నగారికి అలవాటు. పాడినవాళ్ల పేరుతో పెట్టాలన్నది మా నియమం. ఆ లెక్కన బాలమురళి దగ్గర ఉండాలి. నాన్నగారికి అది రామదాసు రికార్డు. పిలుపు పేరే నియమం అన్నాక ఆయన పిలిచే పేరును కాదనలేకపోయాను. ఎల్పీని 'ర'లో పెట్టి, 'బ'లో ఒక చీటీ నిలబెట్టాను. కంచర్ల గోపన్న అని 'క'లో ఇంకో చీటీ కావాలని అక్క అడుగుతోంది. శుభలేఖలు అయిపోయాయి, ఈ మాఘంలో పెళ్లిళ్లు ఉన్నాయి.