స్టార్ ట్రెక్ 'ఇన్నర్ లైట్': ఏళ్ల తరబడి చూస్తున్నవాడి మాట

స్టార్ ట్రెక్ నెక్స్ట్ జనరేషన్ అనే అమెరికన్ సైన్స్ ఫిక్షన్ టీవీ సిరీస్‌లోని 'ఇన్నర్ లైట్' ఎపిసోడ్ గురించి కొత్తగా పరిచయం అక్కర్లేదు. 1992 జూన్ 1న వచ్చింది, మరుసటి ఏడాది సైన్స్ ఫిక్షన్‌కి ఇచ్చే హ్యూగో అవార్డు తెచ్చుకుంది. నేను రాయాలనుకున్నది అందులోని ఫ్లూట్ గురించి. ఇన్నేళ్లుగా చూస్తున్నా నాకు పాతబడనిది అదొక్కటే.

చూడనివాళ్ల కోసం రెండు ముక్కలు చెప్తాను, కథ ముందే తెలిసిపోకూడదు అనుకునేవాళ్లు ఇక్కడ ఆగి చూసొచ్చాక చదవండి. అంతరిక్షంలో తిరుగుతున్న ఒక పరికరం నుంచి కిరణం తగిలి, అంతరిక్ష ఓడ నడిపే కెప్టెన్ పికార్డ్ స్పృహ తప్పి పడిపోతాడు. కళ్లు తెరిచేసరికి కటాన్ అనే గ్రహం మీద, రెసిక్ అనే ఊళ్లో, కామిన్ అనే ఇనుప పని చేసే మనిషి. ఎలీన్ అనే ఆవిడ నేను నీ భార్యని, నీకు జ్వరం వచ్చి తగ్గింది అంటుంది. అతను నమ్మడు, కానీ ఏళ్లు గడుస్తాయి, పిల్లలు పుడతారు, ముసలివాడవుతాడు. ఓడలో మాత్రం గడిచింది 25 నిమిషాలు.

ఇన్నేళ్లు గడిచాయని తెర మీద అక్షరాలు పడవు, క్యాలెండర్ కాగితాలు ఎగరవు. కాలం గడిచిందని మనకి ఫ్లూట్ చెబుతుంది. అది మన పిల్లనగ్రోవిలా అడ్డంగా పట్టేది కాదు, నిలువుగా పట్టుకుని ఊదే సన్నటి గొట్టం, దానికి చిన్న కుచ్చు వేలాడుతూ ఉంటుంది. మొదట్లో వరసగా నాలుగు స్వరాలు పలికించడానికే తంటాలు పడతాడు. తర్వాత బాబు పేరు పెట్టే వేడుకలో నలుగురి ముందు ధైర్యంగా వాయిస్తాడు. ఇంకొన్నేళ్లకి కొడుకు బటాయ్ అదే పట్టుకుని, నాకు చదువొద్దు సంగీతం కావాలి అంటాడు (ఆ కొడుకు వేషం వేసింది పికార్డ్‌గా నటించిన పాట్రిక్ స్టువర్ట్ సొంత కొడుకు డేనియల్, అది తెలిశాక ఆ సీన్ ఇంకా బాగుంటుంది). చెయ్యి తిరగడానికి ఎన్నేళ్లు పడుతుందో ఏదైనా నేర్చుకున్న ప్రతివాడికీ తెలుసు కాబట్టి, ఆ పాట సాఫీగా వచ్చేసరికి ఇతను నిజంగానే ఇక్కడ బతికాడు అని మన మనసు ఒప్పేసుకుంటుంది. జుట్టు తెల్లబరచడం మేకప్‌వాళ్ల పని, అది అందరూ చేస్తారు. ఇది రాసినవాళ్ల పని. మోర్గాన్ జెండెల్, పీటర్ అలన్ ఫీల్డ్స్ ఇద్దరూ కలిసి రాశారు, ఆ ట్యూన్ జే చాటవే కట్టాడు. షూటింగ్‌లో వాడిన ఆ ఫ్లూట్ ఊదితే మోగదు, వట్టి బొమ్మే, అయినా 2006లో క్రిస్టీస్ వేలంలో 40 వేల డాలర్ల పైన పలికింది. ఎందుకు పలికిందో నాకు బాగా అర్థమవుతుంది.

నేను దీన్ని మొదటిసారి చూసింది కేబుల్ టీవీ రోజుల్లో, విజయనగరంలో మావయ్యగారింట్లో. ఎండాకాలం, కరెంటు ఎప్పుడు పోతుందో తెలియదు. ఇంగ్లీష్ సగం అర్థమవుతోంది సగం కావట్లేదు, అయినా కదల్లేదు. చివరికి ముసలి కామిన్‌ని పిల్లలు బయటికి తీసుకొస్తారు, ఏదో రాకెట్ ప్రయోగం చూద్దాం రమ్మని. ఏం ప్రయోగం, నాకెవరూ చెప్పలేదే అంటాడు ఆయన. మీకు తెలుసు నాన్నా, మీరు దాన్ని ముందే చూశారు అంటుంది కూతురు. సరిగ్గా అక్కడ కరెంటు పోయింది. వచ్చేసరికి వేరే ప్రోగ్రాం నడుస్తోంది. అప్పట్లో మళ్లీ చూడాలంటే దారేదీ లేదు, ఇప్పట్లా వెతికితే దొరికే రోజులు కావవి. ముసలాయన మతిమరుపుతో అలా అడుగుతున్నాడు, ఆ గ్రహం ఎండి చచ్చిపోతుంది, ఊరు, మనుషులు, ఫ్లూట్ అంతా పోతుంది, కథ అంతే అని చాలా ఏళ్లు అలాగే ఉండిపోయాను. నా మనసులో ఆ కథకి ముగింపు అదే. ఎవరికైనా చెప్పినా అంతవరకే చెప్పేవాణ్ణి.

తర్వాత ఎప్పుడో, ఉద్యోగంలో చేరాక, ఒక స్నేహితుడి దగ్గర డీవీడీలు దొరికాయి. మళ్లీ అదే మాట దగ్గరికొచ్చింది, మీరు ముందే చూశారు. ఈసారి ఆగలేదు. చచ్చిపోయిన కామిన్ స్నేహితుడు, చచ్చిపోయిన ఎలీన్ పడుచువాళ్లుగా పక్కనే నిలబడి, మేం పోయి వెయ్యేళ్లయింది, మా గురించి చెప్పేవాడు ఒకడు దొరుకుతాడని ఆ రాకెట్‌లో ఆ పరికరాన్ని పంపాం అంటారు. అయితే అది నాకు దొరికిందా, దొరికినవాణ్ణి నేనేనా అని పికార్డ్ ముఖంలో వెలిగేదాన్ని చూసి నేను లేచి నిలబడ్డాను, గదిలో ఒక్కణ్ణే. ఆ తర్వాత ఓడలో ఆ పరికరం లోపల దొరికిన చిన్న పెట్టె తెచ్చి ఇస్తారు. మూత తీస్తే కుచ్చుతో సహా ఫ్లూట్. పోయిందని అన్నేళ్లు అనుకున్న వస్తువు పెట్టెలో కనబడేసరికి కలిగిన సంతోషం ఇప్పటికీ ఎవరికీ సరిగ్గా చెప్పలేకపోతున్నాను. సాఫీగా, తడబడకుండా వాయిస్తాడు. ఓడలో ఎవరూ నేర్పని పాట అది.

అమ్మకి చూపించడం మాత్రం నేను ముందుగా అనుకున్నది కాదు. మాది ఉద్దానం. 2018 అక్టోబర్ 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటింది, కొబ్బరి, జీడి తోటలు ఎలా నేలమట్టం అయ్యాయో మా వైపు వాళ్లకి చెప్పక్కర్లేదు. కొత్త మొక్క పెట్టినా కాపుకి ఏళ్లు పడుతుంది. ఆ తర్వాతి సంవత్సరాల్లో ఒక సాయంత్రం ల్యాప్‌టాప్‌లో నేను ఇది పెట్టుకుంటే అమ్మ వచ్చి పక్కన కూర్చుంది. ఆవిడకి ఇంగ్లీష్ రాదు, సబ్‌టైటిల్స్ కూడా ఇంగ్లీషే. అక్కడక్కడా నేను చెప్తున్నాను. నీళ్లు కరువైన ఊళ్లో నడిబొడ్డున ఒక మొక్క నాటి, ఎవరి వాటా నీళ్లలోంచి వాళ్లు దానికి కొంచెం పోయాలని ఒప్పుకునే చోట, నీళ్లు లేనప్పుడు ఇదేంటని నేను అడిగితే, "నీలు నేకపోతే మనుసులు కస్టపడతారు గానీ మొక్కనొగ్గీరు కదరా" అంది. నేను అంతవరకూ ఆ సీన్‌ని ఏదో సింబల్‌గా చూస్తున్నాను. ఆవిడ దాన్ని మామూలు పనిగా చూసింది. కూతురు మట్టి పరీక్షలు చేసి నేల చచ్చిపోయింది అని తండ్రికి చెప్పే చోట అమ్మ కాసేపు ఏం మాట్లాడలేదు.

ఇంకోటి కూడా పట్టుకుంది. మొదట్నించీ ఎలీన్ ఆయన్ని జోళ్లు ఎక్కడపడితే అక్కడ వదిలేస్తావని అంటుంటుంది, చనిపోయేటప్పుడు కూడా నవ్వుతూ జోళ్లు తీసి పెట్టుకో అంటుంది. తర్వాతి సీన్లలో అమ్మ ఆయన ముఖం చూడటం మానేసి కాళ్ల దగ్గర చూస్తోంది. "జోళ్లు సర్దీడేటి?" అని రెండుసార్లు అడిగింది.

ఇక నేను ఇదివరకు అందరికీ, లోపం లేని 45 నిమిషాలు అని చెబుతూ వచ్చాను. ఇప్పుడు అంత గట్టిగా అనను. ఎలీన్‌కి ఇచ్చిన చోటు తక్కువ అనిపిస్తోంది, నేను నీ మొగుణ్ణి కాను అనే మనిషితో ఐదేళ్లు ఎలా నెట్టుకొచ్చిందో ఆవిడ వైపు నుంచి చూపించలేదు. మధ్యమధ్య ఓడలోకి తీసుకెళ్లి డాక్టర్ టెన్షన్ చూపిస్తారు, చూసిన ప్రతిసారీ అవి ఎప్పుడు అయిపోతాయా అనిపిస్తుంది. శుభ్రం చేసిన కొత్త ప్రింట్‌ని పెద్ద టీవీలో చూస్తే ముసలి మేకప్ మెడ దగ్గర తెలిసిపోతుంది, ఫోన్‌లో తెలియదు. ఇంకో పెద్ద సంగతి, ఆ జనం మంచివాళ్లే, బాధ నిజమే, కానీ ఒక మనిషి బుర్రలోకి జీవితకాలం బరువు అడక్కుండా దించేశారు. చిన్నప్పుడు ఇది తట్టలేదు, ఇప్పుడు పిల్లలున్నవాణ్ణి కాబట్టి తడుతోంది. లేచేసరికి ఆయనకి పిల్లలు లేరు, మనవడు లేడు. ఓడలో ఎవరూ ఆయన దగ్గర కూర్చుని ఎవరు పోయారు అని అడగరు. తర్వాతి ఎపిసోడ్‌లో మామూలుగా కుర్చీలో కూర్చుని ఆర్డర్లు ఇస్తుంటాడు. వారానికొక కథ చెప్పే పద్ధతి అలాంటిదని తెలుసు, అయినా మింగుడుపడలేదు. 1993లో 'లెసన్స్' అనే ఎపిసోడ్‌లో ఆ ఫ్లూట్‌ని మళ్లీ తీసి, అది ఎక్కడిదో పికార్డ్ ఒకావిడకి చెప్తాడు, అప్పటికి గానీ నా కోపం చల్లారలేదు.

కాబట్టి చూడమనే చెప్తాను, కానీ అందరికీ ఇదే వరసలో తగులుతుందని చెప్పలేను. తోటలు కూలడం చూసిన ఊరివాణ్ణి, చివరి పది నిమిషాల కోసం ఏళ్లు ఆగినవాణ్ణి, నాకు ఎక్కువ తగలడానికి కారణాలున్నాయి. మా తమ్ముడు విశాఖలో ఒక్కడే కూర్చుని చూసి మొదటి సగం సాగదీశారన్నాడు, వాడి మాటా కొట్టిపారేయను, నిజంగానే మెల్లగా మొదలవుతుంది. పికార్డ్ ఎవరో బొత్తిగా తెలియకపోతే ముందు ఈ సిరీస్‌లో ఓ నాలుగైదు ఎపిసోడ్లు చూసి రండి. ఆయన ఎంత బిగుసుకుని, ఇల్లూ పిల్లలూ వద్దనుకుని ఉండే మనిషో తెలిస్తేనే అక్కడ ఏం దొరికిందో ఏం పోయిందో పట్టుబడుతుంది. పెద్దవాళ్లతో కలిసి చూడటం కుదిరితే ఇంకా మంచిది, ఇంగ్లీష్ రాకపోయినా పర్వాలేదు. అయిపోయాక వేరేదేదీ పెట్టకుండా నేరుగా 'లెసన్స్' పెట్టండి.