కుమిలి నుంచి పంచగంగ దాకా: త్రైలింగ స్వామి జాడలో

కాశీలో ఉండిపోయిన తెలుగు యోగి త్రైలింగ స్వామి జాడ వెతుకుతూ కాశీ ముందు చూశాం, ఆయన పుట్టిన ఊరంటున్న కుమిలి తర్వాత. వరస తప్పిందని ఇప్పుడు అనిపిస్తోంది. మీరు వెళ్లేటట్టయితే ముందు విజయనగరం రైలు దిగండి.

మాది శ్రీకాకుళం. పోయిన కార్తీకంలో పెద్దమ్మని తీసుకుని కాశీ వెళ్లాను. పంచగంగ ఘాట్ పైన త్రైలింగ స్వామి మఠంలో ఆయన విగ్రహం ముందు నిలబడి ‘ఈయనది మన విజయనగరమట’ అన్నాను. పెద్దమ్మ నమ్మలేదు. తిరిగొచ్చాక రెండు నెలలపాటు ‘ఆ ఊరు చూపించవే’ అని ఒకటే పోరు. అలా బయల్దేరాం.

విజయనగరంలో ఆర్టీసీ కాంప్లెక్సు దగ్గర ఒక లాడ్జిలో దిగాం. తొమ్మిది వందలు. గది శుభ్రంగానే ఉంది. పొద్దున్న వేడినీళ్లు వస్తాయని చెప్పి ఇవ్వలేదు, డెబ్బయ్యేళ్ల మనిషి చన్నీళ్లు పోసుకోవలసి వచ్చింది. పెద్దవాళ్లతో వెళ్తే గది తీసుకునే ముందే గీజరు వేయించి చూసుకోండి. సాయంత్రం పైడితల్లి అమ్మవారి దర్శనం హాయిగా అయింది. కోట బయటినుంచి చూశాం.

కుమిలి పూసపాటిరేగ మండలంలో ఉంది. బస్సు కోసం చూసి చూసి, చివరికి రానూ పోనూ ఆటో మాట్లాడుకున్నాం. అదే మేలు, దారిలో రామతీర్థం కూడా కలుపుకోవచ్చు. 1713లో విజయనగరం కోట కట్టకముందు పూసపాటి రాజులు ఉన్నది కుమిలిలోనే. ఇప్పుడు అది పొలాల మధ్య ఒక పల్లె. ఉండటానికి గది, తినడానికి హోటల్ ఉంటాయని అనుకోవద్దు. మంచినీళ్లు, పులిహోర మేం కట్టుకునే వెళ్లాం.

గుడి అరుగు మీద కూర్చున్న ఒక పెద్దాయన ‘ఏటమ్మా, ఎవులింటికొచ్చినారు?’ అని అడిగాడు. స్వామి పేరు చెప్పగానే లేచి నిలబడ్డాడు. ‘ఆ సామి ఈడోడేనమ్మా. కాశీకి పోనాడు, మరి రానేదు’ అన్నాడు. నిన్నో మొన్నో ఊరొదిలి వెళ్లిన మనిషి గురించి చెప్పినట్టే చెప్పాడు.

స్వామి అసలు పేరు శివరాం. తండ్రి నరసింహారావు, తల్లి విద్యావతి. జీవితచరిత్రల్లో హోలియా అని రాసిన ఊరు ఈ కుమిలేనని ఇక్కడివాళ్ల నమ్మకం. పుట్టింది 1607లో అంటారు, దేహం విడిచింది 1887లో. ఆయన మాట ఎత్తితే అందరూ ఆ 280 ఏళ్ల దగ్గరే ఆగిపోతారు. గంగ మీద రోజుల తరబడి తేలడం, జైల్లో పెడితే కప్పు మీద తిరుగుతూ కనబడటం, ఇలాంటి కథలు కాశీలో పడవవాళ్లు కూడా చెబుతారు. నన్ను పట్టుకున్నది అది కాదు. తల్లి దగ్గరే ఆయనకి కాళీ ఉపాసన అబ్బిందట. ఆమె పోయాక ఇంటికి వెళ్లకుండా ఆ శ్మశానంలోనే ఇరవై ఏళ్లు సాధన చేశాడట. ఆ తర్వాతే భగీరథానంద సరస్వతి అనే స్వామి వెంట రాజస్థాన్‌లోని పుష్కర్ వెళ్లి సన్యాసం పుచ్చుకుని గణపతి సరస్వతి అయ్యాడు. తెలుగునేల నుంచి వచ్చాడని కాశీవాళ్లు తైలంగ స్వామి, త్రైలింగ స్వామి అన్నారు. అమ్మ పెట్టిన పేరూ, గురువు పెట్టిన పేరూ పోయి చివరికి మన నేల పేరే నిలిచింది.

ఊరి బయట తాటిచెట్ల కింద నిలబడి ఇదంతా చెబుతుంటే పెద్దమ్మ కళ్లు తుడుచుకుంది. కాశీ మఠంలో స్వామి విగ్రహం ఒక్కటే కాదు, ఆయన కొలిచిన కాళిక కూడా ఉంది. ఆ రోజు గబగబా దణ్ణం పెట్టుకుని వచ్చేశాం. ఆ తల్లి అక్కడ ఎందుకుందో కుమిలిలో అర్థమైంది. వరస తప్పిందన్నది అందుకే.

ఇక కాశీ సంగతి. మేం మానససరోవర్ ఘాట్ దగ్గరి శ్రీరామ తారక ఆంధ్రాశ్రమంలో దిగాం. మనవాళ్లకి అంతకన్నా మంచి చోటు నేను చెప్పలేను. తెలుగు మాట, మధ్యాహ్నం అన్నదానం, నాలుగడుగులు వేస్తే కేదారేశ్వరుడు. ఆ పక్కనే మన రాజుల పేరుతో విజయనగరం ఘాట్. గదుల కోసం చాలా ముందుగానే రాసుకోవాలి. పంచగంగకి పడవలో వెళ్లడం మంచిది, గల్లీల్లో దారి తప్పుతాం. మఠం చూపిస్తానని వెంటపడిన ఒకతను అయిదొందలు తీసుకుని వేరే గుడి దగ్గర వదిలేశాడు. నేరుగా పడవవాళ్లని అడిగితే చాలు.

మఠం చిన్నది, జనం తక్కువ. విశ్వనాథుడి వరసలో మూడు గంటలు నిలబడి వచ్చిన మాకు ఆ నిశ్శబ్దం ఎంత హాయిగా ఉందో చెప్పలేను. 1868లో కాశీ వచ్చిన రామకృష్ణ పరమహంస ఈయన్ని చూసి సాక్షాత్తూ విశ్వనాథుడే అనుకున్నారు. దేవుడు ఒక్కడా, అనేకులా అని అడిగితే మౌనంలో ఉన్న స్వామి సైగలతోనే జవాబిచ్చారు. సమాధిలో చూస్తే ఒక్కడే, నేను, నువ్వు అనే ఎరుక ఉన్నంతసేపూ అనేకులని. పెద్దమ్మకి ఇది చెబితే, ‘మాట్లాడకుండా అంత చెప్పాడా’ అంది.

తిరుగు దారిలో రామతీర్థం దర్శనం చేసుకున్నాం. ఎదురుగా గురుభక్తుల కొండ మీద బౌద్ధుల నాటి శిథిలాలు ఉన్నాయి. ఎండ ముదిరిపోయి ఎక్కలేకపోయాం. కొండ ఎక్కాలనుకుంటే ఏడింటికల్లా అక్కడ ఉండాలి.

ఊళ్లో దించేటప్పుడు ఆటో అబ్బాయి డబ్బులు తీసుకుని ఆగాడు. ‘మేడమ్, ఆ మఠం ఎక్కడో కాయితం మీద రాసిస్తారా? మాయమ్మని తీసుకెళ్తాను’ అన్నాడు. ఆర్టీసీ టికెట్టు వెనకాల రాసిచ్చాను: కేదార్ ఘాట్‌లో పడవ ఎక్కాలి, పంచగంగ ఘాట్‌లో దిగాలి, మెట్లు చాలా నిటారుగా ఉంటాయి, అమ్మకి చేతికర్ర పట్టుకెళ్లు.