పిల్లల నోట్లో కొవ్వు గడ్డ: తీయించడమా, ఆగి చూడడమా?

బుగ్గ లోపలో, నాలుక మీదో మెత్తని, లేత పసుపు రంగు బొడిపె. నొక్కితే నొప్పి లేదు, బిడ్డ తిండీ మానలేదు. అయినా ఇంట్లో రెండు పక్షాలు ఏర్పడతాయి. ఒకరు రేపే ఆపరేషన్ అంటారు, మరొకరు అదే కరిగిపోతుందంటారు.

ఆ రెండో మాట నిజం కాదు. కొవ్వు కణాల గడ్డ, అంటే లైపోమా, సాధారణంగా తనంతట తాను పోదు. కింది పెదవి లోపల కాస్త నీలంగా వచ్చి, చితికిపోయి, మళ్లీ వచ్చేది లాలాజలపు బుడగ. దాన్ని చూసినవారే ఈ భరోసా ఇస్తుంటారు. అలాగని క్యాన్సరేమోనని హడలిపోనక్కర్లేదు. నోటి లైపోమా ఎక్కువగా నలభై దాటినవారిలో కనిపిస్తుంది, పిల్లల్లో అరుదు, హాని చేసే రకం కాదు.

ఆగడానికి బలమైన కారణం ఒకటే: మత్తు. పెద్దవారికి ఆ చోట మొద్దుబారే ఇంజెక్షన్ చాలు. రెండేళ్ల బిడ్డ కదలకుండా నోరు తెరిచి ఉండదు కనుక పూర్తి మత్తు ఇవ్వాల్సిందే. మూడేళ్ల లోపు పిల్లలకు మూడు గంటలు మించిన మత్తు, లేదా పదేపదే ఇచ్చే మత్తు మెదడు ఎదుగుదలపై ప్రభావం చూపవచ్చని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2016లో హెచ్చరించింది. అయితే పసితనంలో ఒక్కసారి, గంటలోపు మత్తు తీసుకున్న పిల్లల్లో ఐదేళ్ల వయసులో ఆ ఎదుగుదలలో తేడా లేదని 2019లో వెలువడిన అంతర్జాతీయ అధ్యయనం తేల్చింది. చిన్న గడ్డ తీయడం ఎక్కువసేపు పట్టే పని కాదు. కాబట్టి ఈ భయం కొంత తగ్గించుకోవచ్చు.

నా మొగ్గు ఇలా ఉంటుంది. గడ్డ చిన్నది, బుగ్గలో ఉంది, తిండికి, మాటకు అడ్డు లేదు, అల్ట్రాసౌండ్‌లోనూ కొవ్వే అని తేలింది: అప్పుడు ఆగవచ్చు. కానీ ప్రతిసారీ డాక్టరు కొలిచి రాయాలి. "పెరిగినట్టు లేదులే" అన్న అమ్మమ్మ అంచనా కొలత కాదు. బిడ్డకు మూడేళ్లు నిండకుండా గడ్డ గబగబా పెరుగుతుంటే మాత్రం ఆగకూడదు. అది పసిపిల్లల్లో వచ్చే మరో రకం కొవ్వు గడ్డ, లైపోబ్లాస్టోమా కావచ్చు. అదీ క్యాన్సర్ కాదు గానీ, కొంచెం మిగిలినా తిరిగి పెరగగలదు. నాలుక మొదట్లోనో, నాలుక కిందో ఉండి మింగడానికి, ఊపిరికి అడ్డొస్తున్నా తీయించడమే మేలు.

టూత్‌బ్రష్ నోట్లో పెట్టుకుని పరుగెత్తి పడ్డాక హఠాత్తుగా బుగ్గలో పసుపు ముద్ద కనిపిస్తే, అది గడ్డే కాదు. బుగ్గలోని కొవ్వు చిరుగులోంచి బయటికొచ్చింది. ఆ రోజే ఆసుపత్రికి వెళితే లోపలికి నెట్టి కుట్టే వీలుంటుంది.

కత్తా, లేజరా అంటే, లేజరుతో రక్తం తక్కువ, తరచూ కుట్లూ అవసరం పడవు. కానీ వేడికి అంచులు మాడితే ల్యాబ్‌లో పరీక్ష కష్టమవుతుంది. రకం ఇంకా తేలని గడ్డకు నేను కత్తినే ఎంచుకుంటాను. దేనితో తీసినా ముక్కను బయాప్సీకి పంపించి, రిపోర్టు దాచుకోవాలి. ముక్కను పాడవకుండా ఉంచే ద్రవం, ఫార్మలిన్ సీసాలో అది పైకి తేలితే కొవ్వే అయి ఉంటుందని అక్కడికక్కడే తెలుస్తుంది గానీ, లైపోమానో లైపోబ్లాస్టోమానో చెప్పేది మైక్రోస్కోపే.