కాలువ నీళ్లకి నల్లబడే సీసా: నీటి పరీక్ష పెట్టె మీద ఓ మందుల షాపువాడి మాట

మాది పశ్చిమ గోదావరిలో అత్తిలి కాలువ గట్టు మీద ఊరు. మందుల షాపు నడుపుతాను. ఏటా జూన్‌లో కాలువలు వదిలాక ఓఆర్ఎస్ పొట్లాలూ, విరేచనాల మాత్రలూ ఏ వేగంతో కదులుతాయో చూసేవాడికి నీళ్ల సంగతి వేరే చెప్పక్కర్లేదు. అయినా "ఈ నీళ్లు తాగొచ్చాండీ డాక్టరుగారూ" అని అడిగేవాళ్లు వస్తూనే ఉంటారు. నేను చదివింది బీఫార్మసీ. మా వైపు మందుల కౌంటరు వెనక నించున్న ప్రతివాడూ డాక్టరే, ఏం చేస్తాం. అడిగినవాళ్లకి "కాచుకుని తాగండి" అని ఊరికే చెప్పేకంటే చేతిలో ఏదో ఒక ఆధారం ఉంటే మేలని ఆన్‌లైన్‌లో ఒక నీటి పరీక్ష పెట్టె తెప్పించాను. కాలువలు కట్టేసిన వేసవిలోనూ, వదిలిన తర్వాతా వాడి చూసి రాస్తున్నాను.

ధర రెండు వేలు దాటింది. కంపెనీ పేరు రాయడం లేదు. ఇవే డ్రాపరు సీసాలు, ఇదే రంగుల అట్ట, మీద స్టిక్కరు మార్చి నలుగురైదుగురు అమ్ముతున్నారు. ఇంటింటికీ కుళాయి నీళ్లిచ్చే కేంద్ర పథకం జల్ జీవన్ మిషన్‌లో ఊరికి ఐదుగురు ఆడవాళ్లకి తర్ఫీదు ఇచ్చి చేతికిస్తున్న పెట్టె కూడా ఇంచుమించు ఈ తీరుదే. లోపల పీహెచ్, గట్టిదనం, క్లోరైడు, ఫ్లోరైడు, నైట్రేటు, ఇనుము, మిగులు క్లోరిన్ (శుద్ధికి వేశాక నీళ్లలో ఇంకా మిగిలినది) చూసే మందులున్నాయి. వీటితో పాటు ఓ మూలన హెచ్‌టూఎస్ (హైడ్రోజన్ సల్ఫైడు) అని రాసిన చిన్న గాజు సీసాలు కొన్ని. పెట్టె అమ్మేవాడు వాటిని ఆఖర్న, ఉచితంగా ఇస్తున్నట్టు చెబుతాడు. నా లెక్కలో మాత్రం పెట్టె విలువంతా ఆ సీసాల్లోనే ఉంది.

సీసా అడుగున మందులో నానబెట్టి ఆరబెట్టిన కాగితం ముక్క ఉంటుంది. పెప్టోను, థయోసల్ఫేటు, ఒక ఇనుము లవణం, ఇవీ ఆ మందులో ముఖ్యమైనవి. గీత దాకా నీళ్లు పోసి, మూత బిగించి, వెచ్చటి చోట పెట్టడమే పని. మనుషుల, పశువుల పేగుల్లోంచి వచ్చే కొన్ని రకాల బ్యాక్టీరియా నీళ్లలో ఉంటే హైడ్రోజన్ సల్ఫైడు వాయువు పుట్టిస్తాయి. అది ఇనుముతో కలిసి నల్లటి సల్ఫైడు అవుతుంది. సీసా నల్లబడిందంటే నీళ్లలో మలం కలిసి ఉండొచ్చని అర్థం. ఎంత తొందరగా నల్లబడితే కల్తీ అంత ఎక్కువ. చిత్రమేమిటంటే అందరూ పేరు చెప్పుకునే ఈ.కోలై మామూలుగా ఈ వాయువు పుట్టించదు, దానితో పాటు పేగుల్లో కాపురముండే వేరే జాతులు పుట్టిస్తాయి. అంటే సీసా దొంగని నేరుగా పట్టుకోదు, వాడి జట్టువాళ్లని పట్టుకుంటుంది. ఈ పద్ధతి బయటి దేశాల నుంచి వచ్చింది కాదు. గ్వాలియర్‌లోని రక్షణ పరిశోధన సంస్థ శాస్త్రవేత్తలు 1982లో ప్రచురించారు. ప్రయోగశాల అక్కర్లేదు, కరెంటు అక్కర్లేదు, నలుపో కాదో చూడ్డానికి కళ్లుంటే చాలు.

ఇప్పుడు టీడీఎస్ (నీళ్లలో కరిగిన లవణాల మొత్తం) మీటరు సంగతి. మా ఊళ్లో ఆర్వో మిషను అమ్మడానికి వచ్చే ప్రతి కుర్రాడి జేబులోనూ పెన్నులాంటి మీటరు ఒకటుంటుంది. నీళ్లలో ముంచితే అంకె వస్తుంది. అది నిజానికి కొలిచేది నీళ్లలో కరెంటు ఎంత బాగా పారుతోందో. దాన్ని ఒక గుణకంతో లెక్కగట్టి కరిగిన లవణాలు ఇన్ని అని చూపిస్తుంది. లవణాల వరకూ ఫర్వాలేదు గానీ, సూక్ష్మజీవుల గురించి దానికి ఏమీ తెలియదు. గోదావరి నీళ్లలో లవణాలు మొదటినుంచీ తక్కువే. మా లాకుల దగ్గర, గుర్రపుడెక్క పక్కన, గేదెలు కడుగుతున్న రేవులో ముంచితే మీటరు రెండొందలలోపే చూపించింది. తాగునీటి ప్రమాణం ఐఎస్ 10500 ప్రకారం లీటరుకి 500 మిల్లీగ్రాముల లోపుంటే బాగున్నట్టే. మీటరు మాట వింటే ఆ రేవులో నీళ్లు దోసిట పట్టి తాగెయ్యొచ్చు! అవే నీళ్లు పోసిన సీసా తెల్లారేసరికి తారులా నల్లబడింది.

ఆ కుర్రాళ్లే చేసే ఇంకో తమాషా ఉంది, చాలామంది దానికి పడిపోతారు. రెండు గ్లాసుల్లో నీళ్లు పోసి, ఇనప ఊచలున్న చిన్న మిషను ముంచి స్విచ్చి వేస్తారు. మీ కుళాయి నీళ్లు తుప్పురంగుకి మారి అడుగున మడ్డి పేరుకుంటుంది. వాళ్ల ఆర్వో నీళ్లు తేటగా ఉంటాయి. "చూశారా అమ్మగారూ, ఎంత విషం తాగుతున్నారో" అంటాడు. ఆ మడ్డి మీ నీళ్లలోది కాదు, ఊచ కరిగి వచ్చిన ఇనుము. లవణాలున్న నీళ్లలో కరెంటు పారుతుంది కాబట్టి ఊచ కరుగుతుంది. ఆర్వో నీళ్లలో లవణాలు దాదాపు ఉండవు, కరెంటు అంతగా పారదు, ఊచ కరగదు. ఆ తేట నీళ్లలో చిటికెడు ఉప్పు వేసి మళ్లీ స్విచ్చి వెయ్యమనండి, కుర్రాడు సంచీ సర్దుకుంటాడు. టీడీఎస్ 500 లోపున్న చోట ఆర్వోలు నిషేధించాలని 2019 మేలో జాతీయ హరిత ట్రిబ్యునల్ కేంద్రానికి చెప్పింది కూడా. కాలువ నీళ్లు తాగే ఊళ్లకి కావాల్సింది మట్టి తీసేదీ, క్రిములు చంపేదీ. లవణాలు తీసేది కాదు. సముద్రం వైపున్న ఊళ్లలో బోరు నీళ్లు ఉప్పగా ఉంటాయి, వాళ్ల మాట వేరు.

సీసాలు ఎక్కడెక్కడ పెట్టి చూశానంటే, కాలువ సంగతి పైన చెప్పాను. ఊరి మంచినీళ్ల చెరువు నీళ్లు కూడా నల్లబడ్డాయి గానీ కాస్త ఆలస్యంగా, రెండో రోజుకి. వేసవిలో కాలువలు కట్టేసే ముందు చెరువు నింపుకుంటాం కదా, నిలవ ఉన్న నీళ్లలో మట్టీ అడుగుకి దిగుతుంది, ఎండకి కొన్ని క్రిములూ చస్తాయి. ట్యాంకు దగ్గరి వీధి కుళాయి నీళ్లు రెండు రోజులైనా మారలేదు, పెట్టెలోని మందు వేస్తే మిగులు క్లోరిన్ కూడా కనిపించింది. శివారు వీధిలో అదే ట్యాంకు నీళ్లు ఒక్కోసారి నల్లబడ్డాయి, క్లోరిన్ రంగు రానే లేదు. పైపు మురుగుకాలువలోంచి వెళుతుంది, నీళ్లు వదిలేది పూటకి కాసేపు. వదలని వేళల్లో పైపులో ఒత్తిడి ఉండదు, అతుకుల సందుల్లోంచి మురుగు లోపలికి ఊరుతుంది. ట్యాంకు దగ్గర మంచి నీళ్లే, కుళాయికొచ్చేసరికి కావు. ఈ సంగతి పట్టిచ్చినందుకే పెట్టె డబ్బులు గిట్టినట్టు.

అందరూ అడిగేది టిన్ను నీళ్ల గురించి. రెండు వేర్వేరు ప్లాంట్ల ఇరవై లీటర్ల టిన్నులు చూశాను, పేర్లు వద్దు. మీటరులో రెండూ యాభై లోపే. సీసాలో ఒకటి మారలేదు, ఒకటి నల్లబడింది. ఆర్వో పొరలోంచి వచ్చిన నీళ్లలో క్లోరిన్ మిగలదు, కాబట్టి తర్వాత టిన్ను సరిగ్గా కడక్కపోయినా, కుళాయి మూతికి పాచి పట్టినా ఆపేదేమీ ఉండదు. ఎదురింటి పిన్నిగారికి ఈ సీసా చూపిస్తే "పారే కాలవ నీళ్లకి మైలేంటండీ, ఈ టిన్నులొచ్చాకే రోగాలు" అన్నారు. కాలువ సీసా కూడా పక్కన పెట్టి చూపించాను. "అది మీరు రేవులో పట్టారు, మధ్యలో పట్టాలి" అన్నారు.

మధ్యలో పట్టాలన్న మాట మాత్రం ఆవిడ నిజమే చెప్పారు. నమూనా గట్టున తీస్తే గట్టు సంగతే తెలుస్తుంది. వంతెన మీంచి తాడుతో పారే మధ్యలోకి దించి, ప్రవాహానికి ఎదురుగా మూతి పెట్టి పట్టాలి. సీసా మూతి లోపల వేలు తగలకూడదు. వంతెన మీంచి పట్టినా నల్లబడింది లెండి, కొన్ని గంటలు ఆలస్యంగా.

ఇక పెట్టెలో లోపాలు. సూచనల కాగితం ఇంగ్లీషు, హిందీల్లోనే ఉంది. ఊళ్లలో ఆడవాళ్ల చేతికిచ్చే సరుకు మీద తెలుగు లేకపోవడమేమిటో.    సీసాకి ముప్పై నుంచి ముప్పై ఏడు డిగ్రీల వెచ్చదనం కావాలి. మాకు ఏడాదిలో ఎక్కువ నెలలు గదిలోనే ఉంటుంది గానీ, సంక్రాంతి రోజుల్లో మాత్రం ఫ్రిజ్ వెనక వేడి తగిలే చోట పెట్టాల్సి వస్తుంది.

రంగులు చూసే పరీక్షలకి కాలువ నీళ్లతో పెద్ద చిక్కుంది. వరద రోజుల్లో ఎర్ర నీళ్లు వస్తాయి. ఆ నీళ్లకి ఏ మందు వేసినా రంగు అట్టలో దేనికీ సరిపోదు. ముందు వడపోత కాగితంలో వడకట్టాలి, అప్పటికీ అంకె అటూ ఇటూగానే ఉంటుంది. పటికతో తేర్చుదామనుకుంటే పీహెచ్ తగ్గి లెక్క మారుతుంది. నీళ్లు తేరాయి కదా అని పటిక వేసినవి అలాగే తాగేవాళ్లకి ఓ మాట: పటిక వేసి తేర్చిన బిందెలో నీళ్లు కూడా సీసాలో పెట్టి చూశాను, నల్లబడ్డాయి. మట్టితో పాటు కొన్ని క్రిములు అడుగుకి దిగుతాయి, అన్నీ దిగవు. చిల్లగింజ అరగదీసినా అంతే. తేర్చిన నీళ్లని పొంగు వచ్చేదాకా కాస్తేనో, బ్లీచింగు కలిపి అరగంట ఆగితేనో సీసా మారలేదు. బురద నీళ్లలో బ్లీచింగు వేస్తే సగం బురదే తినేస్తుంది, అందుకే ముందు తేర్చడం, తర్వాత క్లోరిన్. అరగంట తర్వాత కూడా లీటరుకి 0.2 మిల్లీగ్రాములైనా మిగిలి ఉండాలి. పెట్టెలో క్లోరిన్ మందు పనికొచ్చేది ఇక్కడే. ఫ్లోరైడు మందు మాకు ఇంచుమించు దండగ. నల్గొండ వైపు, కనిగిరి వైపు బోరు నీళ్లు తాగేవాళ్లకి అదే ముందు చూసుకోవాల్సింది.

పెట్టె అసలు చెప్పనివి కూడా చెప్పాలి. మా కాలువకి రెండు పక్కలా వరి, ఆ వెనక చేపల చెరువులు. చేలల్లో కొట్టిన పురుగుమందు వానకి ఎక్కడికి వస్తుందో అందరికీ తెలుసు. పురుగుమందులు, సీసం, ఇతర లోహాలు, వైరసులు, వీటిలో ఒక్కటి కూడా ఈ సీసాకి గాని, ఈ చుక్కల మందులకి గాని అందదు. 2020 డిసెంబరులో ఏలూరులో వందలమంది మూర్ఛలతో ఆస్పత్రిలో చేరినప్పుడు ముందు నీళ్లనే అనుమానించారు. తర్వాత ఢిల్లీ ఎయిమ్స్ రక్త నమూనాల్లో సీసం, నికెల్ ఉన్నాయని చెప్పింది. అలాంటి అనుమానం వచ్చినప్పుడు ఇంట్లో కూర్చుని చుక్కలు లెక్కపెట్టడం పనికిరాదు, ల్యాబుకే వెళ్లాలి. అలాగే సీసా నల్లబడకపోవడం పూర్తి పూచీ కాదు. నల్లబడ్డవన్నీ మలం కలిసినవీ కావు. కొన్ని బోరు నీళ్లలో సహజంగానే గంధకపు వాసన ఉంటుంది, అవి పోయగానే నల్లబడతాయి.

ల్యాబంటే గ్రామీణ నీటి సరఫరా శాఖవి ఉన్నాయి, మామూలు జనం కూడా కొద్దిపాటి రుసుముతో పరీక్ష చేయించుకోవచ్చు. క్రిముల పరీక్షకి వాళ్లిచ్చే శుద్ధి చేసిన సీసాలోనే పట్టి, ఐసులో పెట్టి, అదే రోజు అందించాలి. పొద్దున్న పట్టి సాయంత్రం బస్సులో ఎండకి తీసుకెళితే దారిలోనే బ్యాక్టీరియా పిల్లల్ని పెడుతుంది. ల్యాబు కాగితం మీద అంకె వస్తుంది, సీసాలాగా "అవును", "కాదు" అని ఊరుకోదు. కాలువ నీళ్లకి ఆ అంకె ఎందుకంటే, కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి నదుల నీళ్లని తరగతులుగా విడదీసింది. మామూలు శుద్ధి లేకుండా ఒట్టి క్లోరిన్‌తో తాగడానికి పనికొచ్చే "ఏ" (A) తరగతికి మొత్తం కోలిఫారాలు (ఈ.కోలై కూడా ఉండే బ్యాక్టీరియా గుంపు) వంద మిల్లీలీటర్లకి 50 దాటకూడదు. వడపోత, క్లోరిన్ రెండూ చేస్తే తాగదగ్గ "సీ" (C) తరగతికి 5000 దాకా ఉండొచ్చు. ఇంటికొచ్చి గ్లాసులో పడ్డ నీళ్లలో మాత్రం ఈ.కోలై వంద మిల్లీలీటర్లలో ఒక్కటి కూడా ఉండకూడదని ఐఎస్ 10500 అంటుంది. కాబట్టి కాలువ సీసా నల్లబడిందని బెంబేలెత్తక్కర్లేదు, అది నల్లబడేదే. కుళాయి సీసా నల్లబడితే పంచాయతీకి పట్టుకెళ్లండి. నేను పట్టుకెళ్లాను. సెక్రటరీగారు సీసా చేతిలోకి తీసుకోకుండానే శివారు వీధికి మనిషిని పంపించారు, పైపు అతుకు మార్చారు. కాగితం మీద అర్జీ కంటే నల్లటి సీసా త్వరగా పని చేస్తుంది.

నల్లబడ్డ సీసాని మాత్రం అలాగే చెత్తలో పారెయ్యకండి. నీళ్లలో ఉన్నదానికి లక్షల రెట్లు ఆ రెండు రోజుల్లో లోపల పెరిగి ఉంటుంది. మూత తీసి (కుళ్లిన గుడ్డు వాసన వస్తుంది, మొహం దూరంగా పెట్టుకోండి) బ్లీచింగు నీళ్లు పోసి, ఒక పూట వదిలేసి, తర్వాత మరుగుదొడ్డిలో పొయ్యాలి. పిల్లలకి అందనివ్వకండి.

చుక్కలెన్ని ఇస్తావంటే, మొత్తం పెట్టెకి ఐదులో మూడు, సీసాలకి నాలుగున్నర. విడిగా కూడా దొరుకుతున్నాయి, ఒక్కోటి ముప్పై నలభై రూపాయలు పడుతుంది. కాలువ ఊళ్లవాళ్లు అవి కొన్ని, ఒక క్లోరిన్ మందు సీసా కొనుక్కుంటే చాలు. కొనేటప్పుడు గడువు తేదీ చూడండి. నాకు వచ్చిన పెట్టెలో నైట్రేటు మందుకి నాలుగు నెలలే మిగిలి ఉంది. మా షాపులో దొరుకుతాయా అని చాలామంది అడిగారు. పెట్టడం లేదండీ. జూన్‌లో అందరూ అడుగుతారు, ఆగస్టుకి మర్చిపోతారు, గడువు దాటిన సీసాలు నా నెత్తిన ఉంటాయి.